మాడ్రిడ్ నుంచి తొలెదో: ఒంటరిగా, రైల్లో, ఒక్క రోజులో

కృష్ణాతీరం
మే నెలలో పని మీద మాడ్రిడ్ వెళ్తున్నాను. ఒక రోజు ఖాళీ ఉంది, అది ఆదివారమైనా కావచ్చు, సోమవారమైనా కావచ్చు. దగ్గర్లోని పాత కొండ ఊరు తొలెదో చూసి రాత్రికి మాడ్రిడ్ చేరుకోవాలి. నేనొక్కదాన్నే. టికెట్ ఎలా కొనాలి, స్టేషన్ నుంచి ఊళ్ళోకి దారేంటి, ఏది ముందు ఏది తర్వాత చూడాలి, శాకాహారం సంగతేంటి, ఆ రెండు రోజుల్లో ఏది మేలు? తెలిసినవాళ్ళు చెప్పండి. "అన్నీ చూడదగ్గవే" అనే జవాబు మాత్రం వద్దు, దండం పెడతా.

పట్టాలబాబాయి
ముందు రైలు. మీరు ఎక్కాల్సింది స్పెయిన్ ప్రభుత్వ రైల్వే రెన్ఫే వారి అవంత్ అనే హైస్పీడు బండి. మాడ్రిడ్ అతోచా నుంచి సుమారు 70 కిలోమీటర్లు, ముప్పయ్యయిదు నిమిషాల్లోపే. 2005 నవంబరులో హైస్పీడు లైను వేశాక ఇంత దగ్గరైంది. ఒక వైపు సుమారు 14 యూరోలు, రాకపోకలు కలిపి ఒకేసారి తీసుకుంటే తగ్గింపు ఉంటుంది. గంటకొకటి చొప్పున ఉంటాయి కాబట్టి "అక్కడికెళ్ళి కొనుక్కుందాంలే" అనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. అవంత్‌లో ప్రతి టికెట్టుకీ సీటు ఉంటుంది, నిలబడి వెళ్ళే పద్ధతి లేదు. సీట్లు అయిపోతే ఇక బండి ఎక్కనివ్వరు. వెళ్ళేటప్పుడు ఎలాగోలా దొరికినా, సాయంత్రం తిరుగు బండ్లు ముందే నిండిపోతాయి. ఆదివారం సాయంత్రమైతే మరీను. రెండు టికెట్లూ ఒకే రోజు, ఒకే బుకింగ్‌లో తీసుకోండి.

తేదీ ఖాయం కాగానే కొనేయండి. ముందుగా కొంటే చౌక అనే లెక్క ఇక్కడ లేదు, ధర ఒకటే. తొందరంతా సీటు కోసమే. "కొంప్లేతో" అని కనిపిస్తే బండి నిండిందని. అయినా ఆ రాత్రీ మర్నాడూ మళ్ళీ చూడండి, రద్దయిన సీట్లు తిరిగి జాబితాలోకి వస్తుంటాయి.

లంకెబిందె
బాబాయి గారు వదిలేసిన చిక్కు ఒకటుంది. రెన్ఫే ఫారంలో మొదటి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు. మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, పేరంతా ఒకే వరసలో వస్తుంది. అలాంటప్పుడు పేరులోని చివరి ముక్కని ఇంటిపేరు గడిలో పెట్టండి, మిగతాది పేరు గడిలో. అక్షరాలు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. రెండో ఇంటిపేరు గడి వదిలేయొచ్చు, అది స్పెయిన్ వాళ్ళ అలవాటు. గుర్తింపు పత్రం అన్నచోట "పసపోర్తే" ఎంచుకుని నంబరు ఇవ్వండి.

ఇక కార్డు. మన బ్యాంకు కార్డులకి విదేశీ ఆన్‌లైన్ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో దాన్ని తెరవాలి, పరిమితీ పెంచాలి. ఓటీపీ భారత్ నంబరుకే వస్తుంది కాబట్టి ఇంట్లో ఉండగానే కొనడం సుఖం. అక్కడికెళ్ళాక కొనాలంటే రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందుతుందో లేదో ముందు చూసుకోండి. రెన్ఫే సైటు మన కార్డుని ఒక్కోసారి కారణం చెప్పకుండా తిప్పి పంపుతుంది. అప్పుడు వేరే కార్డుతో గానీ యాప్‌లో గానీ చూడండి. అదీ కాకపోతే అతోచాలో మిషన్ దగ్గర చిప్, పిన్‌తో పని అయిపోతుంది.

గుంటూరుకారం
ఫోనులో వాతావరణం చూసేటప్పుడు ఒహాయో టొలీడో చూసి స్వెట్టర్ సర్దుకోకండి. అమెరికాలో మనవాళ్ళు చదువుకునే ఊరు అది. ఇది తొలెదో, స్పెయిన్.

పట్టాలబాబాయి
😀 ఆ గందరగోళం మాడ్రిడ్‌లోనే ఇంకొకటుంది. మెట్రో ఐదో లైనులో "పుఎర్తా దె తొలెదో" అనే స్టేషనుంది. అది పాత నగర ద్వారం పేరు, ఊరికి వెళ్ళే రైలుకీ దానికీ సంబంధం లేదు.

అతోచాకి మెట్రో ఒకటో లైను. అక్కడ పక్కపక్కనే రెండు స్టేషన్లు: "అతోచా", "ఎస్తసియోన్ దెల్ ఆర్తే". రెండోదాన్ని 2018కి ముందు అతోచా అనేవారు. పాత బ్లాగులు చదివి దిగేవాళ్ళు అక్కడే పొరబడతారు. మీరు ఇప్పటి "అతోచా"లోనే దిగాలి. లోపల కూడా రెండు లోకాలు. "సెర్కనియాస్" అన్న బోర్డులు లోకల్ రైళ్ళవి, అటు పోకండి. "పుఎర్తా దె అతోచా" బోర్డులు పట్టుకుని నడవాలి. బ్యాగుల స్కానింగ్ ఉంటుంది. బండి కదలడానికి 2 నిమిషాల ముందు గేటు మూసేస్తారు, బతిమాలినా తెరవరు. మెట్రోలోంచి బయటపడి, అంతస్తు వెతికి, స్కానింగ్ దాటడానికి కలిపి అరగంట చేతిలో పెట్టుకోండి. బోర్డు మీద "వియా" అంటే ప్లాట్‌ఫారం. టికెట్ మీద "కోచే" పెట్టె నంబరు, "ప్లాసా" సీటు నంబరు.

రాతిమెట్లు
టికెట్ సంగతి తేలింది కాబట్టి రోజు సంగతి. నా ఓటు సోమవారానికి. తొలెదోకి వెళ్ళేదే కెథెడ్రల్ కోసం. 1226లో మొదలుపెట్టి 1493 దాకా కట్టారు. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున 10కి తెరుస్తారు, ఆదివారం మాత్రం మధ్యాహ్నం 2 తర్వాతే. 10కే లోపల ఉంటే గుంపులు దిగకముందే ఓ గంట దొరుకుతుంది.

ఇంకో కారణం వెలుతురు. ప్రధాన పీఠం వెనక ప్రదక్షిణ దారిలో "త్రాన్స్‌పరెంతే" అనే పాలరాతి, కంచు కట్టడం ఉంది. నార్సిసో తొమే 1732లో ముగించాడు. దాని మీద వెలుగు పడటానికి ఎదురుగా పైకప్పునే కోసి కిటికీ పెట్టాడు. ఆ కిటికీ తూర్పు వైపుంది, అంటే పొద్దుటి ఎండే దాని మీద పడేది. ఆదివారం రెండున్నరకి వెళ్ళేవాళ్ళకి కట్టడం కనిపిస్తుంది, ఆ ఎండ మాత్రం దొరకదు.

జంటపావురం
నేను ఒప్పుకోను. సోమవారం త్రాన్సితో సినగాగు (యూదుల ప్రార్థనామందిరం) మూత, చిత్రకారుడు ఎల్ గ్రేకో మ్యూజియమూ మూత. రెండూ ప్రభుత్వ మ్యూజియాలు. త్రాన్సితో లేని తొలెదో సగం ఊరే. పద్నాలుగో శతాబ్దంలో కాస్తీల్ రాజు పెద్రో దగ్గర కోశాధికారిగా ఉన్న సామ్యూల్ హలేవి కట్టించాడు. బయటినుంచి చూస్తే మామూలు ఇటుక గోడ. లోపల గచ్చు మీద తీగల చెక్కుడు, దాని అంచుల వెంట హీబ్రూ శాసనాలు, పైన చెక్క కప్పు. 1492లో యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టాక చర్చి చేశారు, ఇప్పుడు సెఫార్దీ (స్పెయిన్ యూదుల) మ్యూజియం.

ఆదివారం ఆ రెండింటికీ టికెట్ లేదు, ఉచితం. వేళలు 10 నుంచి 3 దాకా. శనివారం మధ్యాహ్నం 2 తర్వాత కూడా ఉచితమే. ఆదివారం చేయాల్సిందల్లా వరస తిప్పడమే: పొద్దున పడమటి వైపు యూదుల పేట, 2 తర్వాత కెథెడ్రల్.

రాతిమెట్లు
తిరుగు బండి రద్దీ?

జంటపావురం
టికెట్ ముందే కొనమన్నారుగా బాబాయి గారు. కొన్నాక రద్దీతో మనకేం పని?

కృష్ణాతీరం
ఆదివారమే ఖాయం చేసుకుంటున్నాను. త్రాన్స్‌పరెంతే ఎండ పోతే పోయింది, సినగాగు పోకూడదు. ఇక స్టేషన్ నుంచి పైకి వెళ్ళేది?

పట్టాలబాబాయి
దిగగానే పరుగెత్తకుండా స్టేషన్ని రెండు నిమిషాలు చూడండి. నార్సిసో క్లవేరియా గీసిన నియో ముదేహార్ (పాత ముస్లిం కట్టడాల తీరుని అనుకరించే) కట్టడం, 1919 నాటిది. టికెట్ హాల్లో గుర్రపునాడా కమానులు, రంగుటద్దాలు, పింగాణీ పలకలు ఉన్నాయి. రాత్రి తిరిగొచ్చేటప్పటికి చూసే ఓపిక ఉండదు.

బయటికొచ్చాక రెండు రకాల బస్సులు కనిపిస్తాయి. తలుపు ముందే రంగుల బొమ్మలతో నిలబడి పిలిచేది టూరిస్టు బస్సు, దాని ధర వేరు. సిటీ బస్సు స్టాపు రోడ్డు మీదుంది. ఊరి నడిబొడ్డు చౌకు "సొకొదొవేర్" పేరున్న బస్సు ఎక్కండి, ఛార్జీ ఒకటిన్నర యూరో దరిదాపు. చిల్లర పెట్టుకోండి, డ్రైవరుకి 50 నోటు ఇస్తే దింపేస్తాడు.

రాతిమెట్లు
నడవమంటాను. స్టేషన్ నుంచి కుడిచేతి వైపు పది నిమిషాలు, రోమన్ల కాలపు పునాదుల మీద నిలబడ్డ అల్కాంతరా వంతెన. దాటుతుంటే కింద తాహో నది, ఎదురుగా కొండ మీద అల్కాసార్ కోట. ఊరిని మూడు వైపులా నది లోయ ఎందుకు చుట్టిందో, రాజులంతా దీన్నే ఎందుకు పట్టుకు వేలాడారో ఆ వంతెన మీద అర్థమవుతుంది. తర్వాత మెట్లు, ఎక్కుడు. మొత్తం పాతిక నిమిషాలు. ఆ మెట్ల చివర కమాను దాటితే సొకొదొవేరే.

జంటపావురం
మధ్యేమార్గం ఉంది. ఊళ్ళోకి ఎస్కలేటర్లు వేశారు. ఒకటి బస్టాండు వైపు సఫోంత్, ఇంకోటి బిసాగ్రా ద్వారం పక్కన రెకరేదో. రెకరేదోది 2000లో తెరిచారు, కొండ బొమ్మ చెడకుండా గోడకి గాటు పెట్టినట్టు కట్టారు, దాన్ని చూడటానికే ఆర్కిటెక్టులు వస్తారు. కాకపోతే ఎస్కలేటర్లు రాత్రంతా తిరగవు, అప్పుడప్పుడు మరమ్మతు కూడా. వాటినే నమ్ముకుని మోకాళ్ళ నొప్పులతో రాకండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి నా సలహా: వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు నడక. కొండ ఎక్కే శ్రమ ఒక్కసారి కూడా పడక్కర్లేదు.

లంకెబిందె
ఆదివారానికి వరస రాస్తున్నాను, కృష్ణాతీరం గారూ.

తొమ్మిది ప్రాంతపు బండి పట్టుకుంటే 10కల్లా సొకొదొవేర్‌లో ఉంటారు. అక్కడ ఆగకండి, సాయంత్రం ఎలాగూ వస్తారు. కొమెర్సియో వీధి పట్టుకుని కెథెడ్రల్ పక్కనుంచి నేరుగా సాంతో తొమే చర్చికి నడవండి, పావుగంట. ఎల్ గ్రేకో వేసిన "ఓర్గాస్ ప్రభువు ఖననం" అక్కడుంది. గది చిన్నది, ఉన్నది ఆ ఒక్క బొమ్మ. మాడ్రిడ్ నుంచి టూరు బస్సులు వచ్చాక వరస గుమ్మం దాటి వీధిలోకి వస్తుంది. అందుకే మొదట ఇది.

తర్వాత ఎల్ గ్రేకో మ్యూజియం, దాని పక్కనే త్రాన్సితో. అక్కడినుంచి నాలుగడుగుల్లో సాంతా మరియా లా బ్లాంకా. ఇదీ ఒకప్పటి సినగాగే, పేరు మాత్రం చర్చిది: తెల్లటి స్తంభాల మీద గుర్రపునాడా కమానుల వరసలు. ఇంకో రెండు నిమిషాల్లో సాన్ హువాన్ దె లొస్ రెయెస్ మఠం. దాని బయటి గోడకి ఇనుప సంకెళ్ళు వేలాడుతుంటాయి, ముస్లిం రాజుల గ్రనడా రాజ్యంలో బందీలుగా ఉండి విడుదలైన క్రైస్తవులవి. లోపలి రెండంతస్తుల వసారాలో పైకప్పు చూడండి, మెడ నొప్పి వస్తుంది.

ఒంటిగంట దాటేసరికి భోజనం. 2 గంటలకి కెథెడ్రల్ ముందు ఉండాలి.

కెథెడ్రల్ నుంచి మళ్ళీ సొకొదొవేర్, అక్కడినుంచి కిందికి దిగుతూ క్రిస్తో దె లా లూస్. ఇది ఒకప్పటి మసీదు, 999లో కట్టిందని ముఖద్వారం ఇటుకల మీదే రాసి ఉంది. లోపల ఎనిమిది మీటర్ల చదరం, నాలుగు స్తంభాలు, తొమ్మిది చిన్న గుమ్మటాలు. తొమ్మిదింటిలో ఏ రెండిటి అల్లికా ఒకటి కాదు. తర్వాత సూర్యద్వారం, బిసాగ్రా ద్వారం, నది దాటి స్టేషన్. బిసాగ్రా నుంచి స్టేషన్‌కి అరగంట పెట్టుకోండి.

గుంటూరుకారం
ఇన్ని టికెట్లు కొంటే జేబు ఖాళీ కదా. ఏదో చేతిపట్టీ ఉందంటారు?

జంటపావురం
"పుల్సేరా తురీస్తికా". కాగితం పట్టీ, చేతికి కట్టేస్తారు, విప్పి ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఏడు చోట్లకి ఒక్కోసారి ప్రవేశం: సాంతో తొమే, సాంతా మరియా లా బ్లాంకా, సాన్ హువాన్, క్రిస్తో దె లా లూస్, జెసూయిట్ చర్చి, సాల్వదోర్ చర్చి, దొన్సెయాస్ నోబ్లెస్ కాలేజీ. ఆ ఏడింటిలో ఎక్కడైనా అమ్ముతారు. మొదట వెళ్ళేది సాంతో తొమేకి కాబట్టి అక్కడే కొనుక్కోండి.

లెక్క సులువు. విడిగా ఒక్కో దానికి 4 యూరోల ప్రాంతం. ఆ రోజు పట్టీ ధరని విడి ధరతో భాగిస్తే ఎన్నిటికి గిట్టుబాటో తెలుస్తుంది. పైన లంకెబిందె గారి వరసలో పట్టీవి నాలుగున్నాయి. జెసూయిట్ చర్చి గోపురం ఎక్కి ఊరి పైకప్పులు చూడాలనుకుంటే ఐదు.

జనం ఎక్కువగా పొరబడేది ఒకటుంది: పట్టీలో కెథెడ్రల్ లేదు, ప్రభుత్వ మ్యూజియాలూ లేవు. కెథెడ్రల్ టికెట్ వేరుగా 12 యూరోల ప్రాంతం, ఆడియో గైడు దాంతోనే వస్తుంది. టికెట్ గుమ్మం దగ్గర కాదు, ఎదురుగా ఉన్న దుకాణంలో. గుమ్మం దగ్గర వరసలో నిలబడి వెనక్కి వచ్చేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

రాతిమెట్లు
కెథెడ్రల్లో గంటన్నర ఉంచండి. పూజావస్తువుల గది వదలొద్దు, అదే ఒక మ్యూజియం. ఎల్ గ్రేకో 1577, 1579 మధ్య వేసిన "ఎల్ ఎస్పోలియో" అక్కడి పీఠం మీదే ఉంది, క్రీస్తు ఎర్రటి అంగీతో. చూపించడానికి తెచ్చి పెట్టింది కాదు, ఆ గది కోసమే వేసింది. ఖజానా గదిలో ఎన్రీకె దె అర్ఫే చేసిన బంగారు పూత వెండి "కుస్తోదియా", అంటే పూజలోని పవిత్ర రొట్టెని ఉంచి చూపించే పాత్ర. కోర్పుస్ క్రిస్తీ పండక్కి దాన్ని వీధుల్లో ఊరేగిస్తారు. ఈస్టర్‌కి 60 రోజుల తర్వాత వచ్చే పండగ, దానికి కొన్ని వారాల ముందే వీధుల పైన గుడ్డ పందిళ్ళు కడతారు. మే చివర వెళ్తే ఆ నీడ మీకు కలిసొస్తుంది. గాయకుల బల్లల కింది వరసలో గ్రనడా యుద్ధం చెక్కి ఉంటుంది, కోట తర్వాత కోట.

సాంతో తొమే బొమ్మ దగ్గర ఒక్క ముక్క. ముందు వరసలో కాగడా పట్టుకున్న పిల్లాడు ఎల్ గ్రేకో కొడుకు హోర్హే మనుయెల్. వాడి జేబులోంచి తొంగి చూసే రుమాలు మీద 1578 అని ఉంటుంది, అది వాడు పుట్టిన ఏడు. ఫోటోలు తీయనివ్వరు కాబట్టి కళ్ళతోనే వెతుక్కోవాలి.

కృష్ణాతీరం
ఇక తిండి. గుడ్డు తింటాను, మాంసం చేపలు తినను.

పులిహోరపొట్లం
గుడ్డు తింటానంటే సగం బాధ తీరినట్టే. "తొర్తియా" అడగండి, బంగాళాదుంప వేసిన మందపాటి ఆమ్లెట్. మెక్సికో రొట్టెతో సంబంధం లేదు. ఉల్లి వద్దనుకుంటే "సిన్ సెబోయా". "పిస్తో మన్చేగో" అంటే టమాటా, క్యాప్సికం, గుమ్మడి జాతి కాయ నూనెలో మగ్గించిన కూర, పైన గుడ్డు వేస్తారు. ఆ ప్రాంతపు గొర్రెపాల మన్చేగో చీజు ఎలాగూ ఉంటుంది. "కర్కమూసాస్" ఊరి వంటకమని గొప్పగా చెప్తారు, అది పంది మాంసం.

భాషలో మెలిక ఎక్కడంటే, అక్కడ "కార్నె" అంటే చాలామందికి మామూలు మాంసం ముక్కే, "హమోన్" (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) అందులోకి రాదు. "సిన్ కార్నె" అన్నా కూరగాయల పళ్ళెం మీద హమోన్ తునకలు చల్లి తెస్తారు. మన పప్పులా కనిపించే "లెంతేహాస్"లో చోరిసో అనే పంది మాంసం సాసేజ్ ఉంటుంది, రొట్టె తునకలు వేయించిన "మిగాస్"లో పంది కొవ్వు. అందుకని పూర్తి వాక్యం చెప్పండి: "సోయ్ వెహెతరియానా, నో కోమో కార్నె, ని హమోన్, ని పెస్కాదో." ఫోనులో రాసి పెట్టుకుని చూపిస్తే ఇంకా మేలు. వంట నీళ్ళ సంగతి కూడా పట్టింపైతే "కాల్దో" దేంతో చేశారో అడగాలి.

వేళలు ముఖ్యం. వంటిళ్ళు ఒకటి, ఒకటిన్నరకి తెరిచి 4 ప్రాంతంలో మూసేస్తాయి. మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నర దాకా పొయ్యి వెలగదు. మీరు 2కి కెథెడ్రల్ అంటున్నారు కాబట్టి ఒంటిగంటకే కూర్చోవాలి. ఆదివారం కుటుంబాలన్నీ బయటే తింటాయి, ఒక్కరికి బల్ల ఇవ్వడానికి వెనకాడతారు. బారు దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చుంటానంటే వెంటనే దొరుకుతుంది, తొర్తియా కూడా అక్కడే వేడిగా ఉంటుంది.

మజపాన్ కొనండి. మన బాదం బర్ఫీకి దూరపు చుట్టం. "మజపాన్ దె తొలెదో" ముద్ర ఉన్నదాంట్లో కనీసం సగం బాదం ఉండి తీరాలి. విడిగా తూకానికి ఇస్తారు, వంద గ్రాములు అడగండి, ఒంటరి మనిషికి అది చాలు.

గుంటూరుకారం
కత్తి కొనొచ్చా? ప్రతి దుకాణంలో కత్తులేగా.

పట్టాలబాబాయి
కొనొచ్చు, రైలెక్కించడమే కుదరదు. అవంత్‌కి ముందు బ్యాగు స్కానింగ్ ఉందని చెప్పాను కదా. అట్టపెట్టెలో చుట్టినా తెరమీద కత్తి కత్తిలాగే కనిపిస్తుంది. కావాలంటే దుకాణం వాళ్ళతోనే ఇంటికి పంపించుకోవాలి, ఇంటి దగ్గర కస్టమ్స్ గొడవ మీదే. దానికంటే "దమస్కినాదో" చూడండి: నల్లబరిచిన ఉక్కు మీద బంగారు తీగ పొదిగిన పని. హైదరాబాదువాళ్ళకి బిద్రీ గుర్తొస్తుంది, అది జింకు మిశ్రమం మీద వెండి, ఇది ఉక్కు మీద బంగారం. చేత్తో చేసినదానికీ అచ్చు గుద్దినదానికీ ధరలో చాలా తేడా. తీగ అంచులు అన్నీ అద్దినట్టు ఒకేలా ఉంటే అచ్చు.

లంకెబిందె
నడకకి సంబంధించి ఇంకొన్ని. గులకరాళ్ళ వీధులు, వాన పడితే సబ్బులా జారతాయి, అడుగు గట్టిగా ఉన్న బూట్లు కావాలి. సన్నటి సందుల్లో ఫోనులో నీలి చుక్క గోడల మధ్య గెంతుతూ ఉంటుంది, దాన్ని నమ్మి గుండ్రంగా తిరగకండి. దారి తప్పితే తల ఎత్తి కెథెడ్రల్ గోపురం వెతకండి. కనిపించకపోతే వాలు దిగుతూ పోండి, ఎక్కడో ఒకచోట కోటగోడ తగులుతుంది, దాన్ని పట్టుకుని ఏదో ద్వారానికి చేరతారు. మేలో మధ్యాహ్నం ఎండ మనకి భయపడేంత కాదు. జులైలో మాత్రం 40 దాకా పోతుంది, ఆ రాళ్ళ మధ్య మన రెంటచింతలకి తీసిపోదు.

ఊరంతా ఒక్క ఫోటోలో కావాలంటే నది అవతల దక్షిణాన మిరదోర్ దెల్ వాయె. నడిస్తే నీడ లేని రోడ్డు. ఆదివారం వరసలో అది ఇరికించాలంటే క్రిస్తో దె లా లూస్ వదులుకోవాలి, లేదా టాక్సీ మాట్లాడుకోవాలి.

కృష్ణాతీరం
మసీదు వదలను. టాక్సీ చూస్తాను. తిరుగు బండి ఏడున్నరకా, ఎనిమిదిన్నరకా?

పట్టాలబాబాయి
పట్టీ చోట్లు మార్చి నుంచి అక్టోబరు మధ్య దాకా 6:45కి మూస్తారు. మసీదు ఆరుకల్లా ముగించి, టాక్సీలో మిరదోర్, అదే టాక్సీలో స్టేషన్ అంటే ఏడున్నర బండికి ఊపిరాడదు. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉన్నది తీసుకోండి. మేలో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, చీకట్లో తిరగాల్సిన పని లేదు. సీట్లు అయిపోయి ఇరుక్కుంటే బస్టాండు నుంచి మాడ్రిడ్ ప్లాసా ఎలిప్తికాకి అల్సా బస్సులున్నాయి, గంట నుంచి గంటన్నర. అక్కడినుంచి మెట్రో ఆరో లైను. ఆ బస్టాండు సఫోంత్ ఎస్కలేటర్ కిందే.

కృష్ణాతీరం
ఎనిమిదిన్నరది దొరికింది, పెట్టె 3. ఇంటిపేరు గడిలో పేరులోని చివరి ముక్క పెడితేనే ఒప్పుకుంది.